వజ్రం దొరికేదాకానా, అదును దాటేదాకానా?

తొలకరి పడితే చాలు, వజ్రకరూరు చేలల్లో నడుములు వంగుతాయి. వానకు కడిగినట్టు తేలిన నేలలో మెరిసే రాయి కోసం ఊరివాళ్లే కాదు, పక్క జిల్లాలవాళ్లూ వచ్చి రోజుల తరబడి వెతుకుతారు. ఇక్కడి భూమిలో వజ్రాలను పైకి మోసుకొచ్చిన కింబర్లైట్ శిల ఉన్నమాట నిజం. ఎప్పుడో ఒకరికి రాయి దొరికే మాటా నిజమే. ఆ ఒక్కరి కథే మిగతావాళ్లను చేలో నిలబెడుతుంది. ఇంత వెతికాం కదా, ఇంకో నాలుగు రోజులు చూద్దాం అనుకుంటారు.

అదే చేలో శనక్కాయ వేసే రైతు లెక్క వేరు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే జిల్లా ఇది. జులై దాటినా పదును కాకపోతే శనక్కాయ మాట వదిలి ఉలవలవైపు తిరగాలని అతనికి ముందే తెలుసు. ఎంత ఆశ ఉన్నా అదునుకు ఒక గడువు ఉంటుంది.

పెత్తనం సరిగా లేని ఉద్యోగంలో చిక్కుకున్నప్పుడు మనలో చాలామందిమి రైతులా కాదు, రాళ్లు వెతికేవాళ్లలా ఉంటాం. గుంతకల్లులో దుకాణమైనా, బళ్లారిలో ఫ్యాక్టరీ అయినా, బెంగళూరులో గార్మెంట్స్ అయినా 'వచ్చే నెల సర్దుకుంటుందిలే' అన్న మాట మీదే ఏళ్లు గడుస్తాయి. నేనూ ఒకచోట రెండేళ్లు అలాగే ఉన్నాను. చివరికి ఒక సాయంత్రం కోపమొచ్చి తాళాలు బల్ల మీద పడేసి వచ్చేశాను. పదిహేను రోజుల జీతం బాకీ కోసం తర్వాత నాలుగు నెలలు తిరిగాను. ఉన్నదీ తప్పే, వచ్చిన తీరూ తప్పే.

పని కష్టంగా ఉండటం వేరు, నడిపేవాళ్లు చెడగొట్టడం వేరు. పండగ ముందు ఓవర్‌టైం పడటం మొదటి రకం. ముగ్గురు మూడు మాటలు చెప్పి తప్పు మీ నెత్తిన వేయడం, ప్రతి నెలా జీతం ఆలస్యం కావడం రెండో రకం. అన్నిటికంటే గట్టి గుర్తు పీఎఫ్. జీతంలో కోసిన సొమ్మును యజమాని తర్వాతి నెల 15లోగా జమ చేయాలి. పాస్‌బుక్ ఫోన్లోనే చూసుకోవచ్చు. కోత ఉండి జమ లేకపోతే అది నిర్లక్ష్యం కాదు, మీ డబ్బు వాడుకోవడం. అక్కడ ఇంకో నెల చూడమని నేను చెప్పను.

మిగతా వాటికి ఒక గడువు పెట్టుకోండి. ఇబ్బందేమిటో కాగితం మీదో వాట్సాప్‌లోనో రాసి అడగండి. రెండు నెలల్లో మారకపోతే మానేస్తానని ఇంట్లో ముందే చెప్పండి. మానేది మీరొక్కరే అయినా, డ్వాక్రా కంతు కట్టేది ఇంటిల్లిపాదీ. ఆ రెండు నెలల్లోనే వేరే పని వెతుక్కోవాలి, కనీసం మూడు నెలల తిండిగింజలకూ కంతులకూ సరిపడా పక్కన పెట్టుకోవాలి.

ఏ తేదీన మానాలన్నది ఇంకో లెక్క. మామూలు పర్మినెంటు ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్లు నిండాలి. మూల వేతనం, డీఏ కలిపి 13,000 రూపాయలైతే, 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాదికి 7,500. ఐదేళ్లకు 37,500. నాలుగేళ్ల నాలుగు నెలలప్పుడు కోపమొచ్చిందంటే ఆ కోపం ఖరీదు అంత. అయితే ఒంటి మీద చెయ్యి వేసే చోట, ప్రాణానికి భద్రత లేని చోట ఈ లెక్కలేవీ వద్దు, ఆరోజే బయటికి రండి.

పీఎఫ్ విషయంలో 2016 ఏప్రిల్ గుర్తు చేసుకోవాలి. యజమాని వాటా సొమ్మును 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోకూడదని కేంద్రం నిబంధన తెస్తే, బెంగళూరు గార్మెంట్ కార్మికులు వేలమంది రోడ్డెక్కారు. ఎక్కువమంది ఆడవాళ్లే. ఏప్రిల్ 19న కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. పని మానాక చేతికొచ్చే పెద్ద మొత్తం వాళ్లకు అదే మరి. వాళ్ల కోపం న్యాయమైనదే. కానీ ఉద్యోగం మారిన ప్రతిసారీ మొత్తం తీసేస్తే పెన్షన్‌కు కావలసిన పదేళ్ల సర్వీసు ఎప్పటికీ పోగవదు. నిజంగా అవసరం లేకపోతే పీఎఫ్‌కు ఉన్న పాత యూఏఎన్ నంబరే కొత్త చోట ఇచ్చి, సొమ్ము అక్కడికి మార్పించుకోండి. పాత యజమాని మీరు మానిన తేదీ నమోదు చేయకుండా సతాయిస్తే, చివరి జమ తర్వాత రెండు నెలలకు మీరే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు.

ఇక మానే తీరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరుంటే రాజీనామాకు ముందే ఏదో పని చెప్పి తెచ్చుకోండి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు ఎన్ని రోజులో చూసుకోండి. రాజీనామాలో యజమాని తప్పుల చిట్టా రాయాల్సిన పనిలేదు, రెండు వాక్యాలు చాలు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవాళ్లకు రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఇవ్వకపోతే కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ ముందు అడిగేది మీ దగ్గరున్న కాగితమే. రాజీనామా మీద తేదీ వేసి, అందినట్టు సంతకం తీసుకుని, ఒక నకలు ఇంట్లో దాచుకోండి.