ఫజ్ర్ చలికి ఊలు టోపీ

సికింద్రాబాద్ చలికాలం నిడివి తక్కువే. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంటే ఊలు దుస్తుల ధ్యాసే రాదు. కాని తిరుమలగిరి, బోయిన్‌పల్లి వైపు తెల్లవారుజామున సంగతి వేరు. పక్కనే ఉన్న బేగంపేటలో 1946 జనవరి 8న ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు దిగింది. అంతటి చలి ఏటా రాదు. అయినా వుజూ చేసి, మసహ్‌తో తడిసిన తలతో, చెవులతో మస్జిద్‌కు నడిచే పెద్దవారికి డిసెంబరు గాలి బాధ కలిగిస్తుంది. పలుచని నూలు టోపీ ఆ గాలిని ఆపలేదు. మంకీ క్యాప్ ఆపుతుంది కాని, దానిని తొడుక్కోవడానికి చాలామంది పెద్దలు ఇష్టపడరు. మేము వారిని తప్పుపట్టము.

బ్రియోష్ అల్లికతో ఇంట్లోనే టోపీ అల్లుకోవడం దీనికి మంచి ఉపాయం. బ్రియోష్ అంటే ఫ్రెంచివారి మెత్తని, పొంగిన రొట్టె. ఈ అల్లిక కూడా అలాగే పొంగి ఉంటుంది. వెచ్చదనం ఊలు బరువులో లేదు, ఊలు పోగుల మధ్య నిలిచిన గాలిలో ఉన్నది. ఈ అల్లికలో పోగు మీద పోగు పడి, లోపల గాలికి చోటు మిగులుతుంది. పైగా బాగా సాగుతుంది, రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది.

అల్లిక అనగానే ఐరోపావారి విద్య అని తలచేవారున్నారు. స్పెయిన్‌లోని బుర్గోస్ నగరంలో, 1275లో మరణించిన రాకుమారుడు ఫెర్నాండో దె లా సెర్దా సమాధిలో పట్టుదారంతో అల్లిన దిండు గలీబు దొరికింది. దాని అంచున కూఫీ లిపిలో బరకత్ అనే అర్థమిచ్చే అరబీ పదం అల్లికలోనే ఉన్నది. క్రైస్తవ రాకుమారుని కోసం దానిని అల్లినవి ముస్లిం చేతులేనని పండితుల అభిప్రాయం. అది బ్రియోష్ కాదు, మామూలు అల్లికే. అయినా సలాయిలు పట్టే మన ఆడపిల్లలకు ఈ సంగతి తెలియాలి.

ఇక పని. ఎనిమిదో నంబరు, అంటే 4 మిల్లీమీటర్ల సలాయిలు రెండు, మధ్యరకం మందమున్న ఊలు 100 గ్రాములు దగ్గర ఉంచుకోవాలి. ఊలు పేరిట అమ్మేదంతా ఊలు కాదు. చిన్న పోగును జాగ్రత్తగా కాల్చి చూస్తే, అసలు ఊలు వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిదగా రాలుతుంది, ఆక్రిలిక్ కరిగి గట్టి పూసవుతుంది.

ఫందాలు సరిసంఖ్యలో, వదులుగా ఎక్కించాలి. ముందుగా చిన్న ముక్క అల్లి కొలవండి. తల చుట్టుకొలత 56 సెంటీమీటర్లయితే టోపీకి 50 చాలు. 10 సెంటీమీటర్లకు 15 ఫందాలు వస్తే 75, సరిసంఖ్య కోసం 76. మొదటి వరుసలో ఊలును ముందుకు తెచ్చి, ఒక ఫందాను అల్లకుండానే కుడి సలాయి మీదికి జరపాలి. తరువాతి ఫందాను సీదాగా అల్లేటప్పుడు ఊలు జరిపిన ఫందా మీదుగా పోయి, దానికి పైటలా నిలుస్తుంది. చివరిదాకా ఇంతే. రెండవ వరుస నుండి, ఒంటరిగా ఉన్న ఫందాను అదే విధంగా జరపాలి, పైట కప్పుకున్న ఫందాను పైటతో కలిపి ఒక్కటిగా సీదా అల్లాలి. ఇక ప్రతి వరుసా ఇదే.

ఒక్క ఫందా జారితే సరిచేయడం కష్టం. కనుక కొన్ని వరుసలకొకసారి వేరే రంగు నూలుదారాన్ని ఫందాలన్నిటి గుండా దూర్చి ఉంచండి. తప్పు జరిగితే అక్కడిదాకా విప్పితే సరిపోతుంది.

27 సెంటీమీటర్ల పొడవు వచ్చాక, పైటలన్నిటిని ఫందాలతో కలిపేస్తూ, మిగిలినవాటిని సీదాగా వేస్తూ ఒక వరుస అల్లాలి. తరువాత రెండేసి ఫందాలను ఒక్కటి చేస్తూ రెండు వరుసలు వేస్తే 19 మిగులుతాయి. వాటి గుండా ఊలు దూర్చి బిగించి, పక్క అంచులు కుట్టాలి. అడుగున 6 సెంటీమీటర్లు పైకి మడిస్తే చెవులపై రెండు పొరలవుతాయి. సజ్దాలో అంచు నుదుటి మీదికి జారుతున్నట్లయితే ఆ మడతను కాస్త వెనక్కి నెడితే చాలు.

ఉతికినప్పుడు పిండకూడదు, దండెం మీద వేలాడదీయకూడదు. తడి బరువుకు సాగిపోతుంది. చల్లని నీటిలో ముంచి, తువాలులో చుట్టి నొక్కి, నీడలో పరచి ఆరబెట్టాలి.