జర్మను జేబుగడియారము – దాని లోపలి యంత్రము

మన జ్యోతిషగ్రంథముల లెక్కలో అహోరాత్రమునకు 60 గడియలు, గడియకు 60 విగడియలు, విగడియకు 6 ప్రాణములు. ప్రాణమనగా నేటి 4 సెకనులు. ఖానాపూరులో బడిపంతులుగా నుండిన దినములలో నేనీ లెక్క చెప్పి, పాత జర్మను జేబుగడియారమును పిల్లల చెవి కానించెడివాడను. సెకనుకు 5 టిక్కులు, ప్రాణమునకు 20.

కమాను బలమే కాలమును కొలుచునని పలువురనుకొందురు; కాదు. డబ్బీలో చుట్టియున్న పెద్ద కమాను చెఱువునందలి నీటివంటిది. అడ్డు లేనిచో చక్రములను గిఱ్ఱున త్రిప్పి క్షణములలో ఖాళీ యగును. అందుచే చక్రముల వరుస చివర తూమువలె ఒక చిన్న లీవరు నుంచిరి. దాని రెండు కెంపురాళ్లును కడపటి చక్రపు పంటిని పట్టి విడుచుచుండును. ఆ పట్టుటయే మనము వినెడి టిక్కు. ఆ తూమునకు కావలివాడు ఊగుడు చక్రము. తలవెండ్రుకవంటి సన్నని కమాను దానిని ముందునకు పోయినంత వెనుకకు లాగుచుండును. కాలమును కొలుచునవి ఈ రెండే. కడపటి చక్రమునకు 15 పండ్లు, పంటికి రెండు టిక్కులు. కావున అది 6 సెకనులకొక చుట్టు తిరుగును. నడిమి చక్రము గంటకొక్క చుట్టే.

ఇట్టి యంత్రమును దృఢముగా కట్టుటలో జర్మనీలోని గ్లాస్‌హ్యూటె పేరొందినది. సాక్సనీ కొండలలో గనులు వట్టిపోయి పేదరికమున నుండిన ఆ యూరికి 1845లో ఫెర్డినాండు అడోల్ఫు లాంగె డ్రెస్డెను నుండి వచ్చి, ప్రభుత్వమిచ్చిన అప్పుతో 15 మంది కుఱ్ఱవాండ్రకు పని నేర్ప మొదలిడెను. తరువాత 18 సంవత్సరములు ఆ యూరి మేయరుగా నుండెను. పని నేర్పినవానికే పెద్దరికమిచ్చిన ఊరది! ఇది బడిపంతులు పక్షపాతమని క్షమింపుడు.

అంతకుముందు చక్రములకు వేర్వేరు వంతెనలు బిగించెడివారు. లాంగె 1864 నాటికి వానినన్నిటిని కప్పు ఒకే ముప్పాతిక పలకను సిద్ధపఱచెను. ఊగుడు చక్రమునకు మాత్రము వేరు పట్టు. ఇరుసులు కదలవు. కాని బిగించువానికది పరీక్షయే: సూదిమొనలవంటి ఇరుసుకొనలన్నియు ఒక్కసారే రంధ్రములలో కూర్చుండవలెను. ఒకటి తప్పినను, పలక నదిమినచో విఱుగును. అట్టి పలకలను జర్మను సిల్వరుతో చేయుట కలదు. రాగి, నికెలు, తుత్తునాగముల మిశ్రమము. పేరునకే వెండి.

మీ పెట్టెలలో తాతలనాటి గడియారములుండవచ్చును. నిలిచినదానిని, కీ యెక్కువై పాడైనదని పాతసామానువానికి తూకమున వేయుచున్నారు. కీ నిండినంతమాత్రమున గడియారము చెడదు. నూనె యెండి జిగురై చక్రములను పట్టుకొనును. దానిని కుదిపి నడిపించినచో దుమ్ముతోడి నూనె ఇరుసులనరుగదీయును. పని తెలిసినవానిచే పూర్తిగా విప్పించి, కడిగించి, క్రొత్త నూనె వేయింపుడు. ముప్పాతిక పలకయైనచో ఆ మాట విప్పకమునుపే వానికి చెప్పుడు.