పాత గిటార్ వయసు నంబర్‌తోనే తేలదు
అమెరికా కంపెనీ ఫెండర్ గిటార్‌ని '1965 నాటిది' అంటూ అమ్మజూపితే, వెంటనే డబ్బు కట్టేయొద్దు. అప్పట్లో సీరియల్ నంబర్ వెనకవైపు, నెక్‌ని బాడీకి బిగించే లోహపు ప్లేట్ మీద ఉండేది. నాలుగు స్క్రూలు విప్పితే నెక్, ప్లేట్ రెండూ వేరే గిటార్‌కి మారిపోతాయి.

అందుకే లోపల చూడాలి. నెక్ అడుగున తేదీ ముద్ర ఉండొచ్చు. వాల్యూమ్, టోన్ కంట్రోళ్ల మీద కోడ్ ఉంటుంది. ఉదాహరణకు 1376512లో 137 అంటే సీటీఎస్ కంపెనీ, 65 అంటే సంవత్సరం, 12 అంటే వారం. ఆ పార్టు తయారైంది 1965 మార్చిలో. గిటార్‌లో బిగించింది ఆ తర్వాతే. టంకం మళ్లీ పెట్టిన గుర్తులుంటే దాన్నీ నమ్మలేం.

నెక్ 1965, కంట్రోళ్లు 1972 అని తేలితే మోసమే అనుకోనక్కర్లేదు, రిపేర్‌లో మార్చి ఉండొచ్చు. వాయించడానికి ఢోకా లేదు. కానీ 'అంతా ఒరిజినల్' ధర మాత్రం దానికి తగదు. ఒక్కో పార్టు తేదీ రాసుకున్నాకే బేరం మొదలుపెట్టాలి.