పువ్వులు, ప్రసాదం లేని పూజ

ఇంట్లో ఒకరికి బ్లడ్ క్యాన్సర్ అని తేలాక ఫోన్‌కి రెండు రకాల సలహాలు వస్తాయి. ‘దేవుడి మీద భారం వేసేయండి, అంతా ఆయనే చూసుకుంటాడు’ అనేది ఒకటి. ‘పూజలూ గీజలూ పక్కన పెట్టి డాక్టర్ చెప్పింది చేయండి’ అనేది రెండోది. నాకు 26 ఏళ్లు, మా బావకి 29. పెళ్లయి ఏడాదిన్నర. ఆ సలహాలు ఇచ్చినవాళ్లంతా మా మంచి కోరినవాళ్లే. కానీ మాకు దేవుడూ కావాల్సి వచ్చాడు, కీమో కూడా కావాల్సి వచ్చింది. ఈ మూడు నెలల్లో రెండింటినీ ఒకే గదిలో ఎలా ఉంచుకున్నామో చెప్తాను. ఎవరికైనా పనికొస్తుందేమో.

డెంగ్యూ అనుకున్నాం

మాది భీమవరం దగ్గర పల్లె. ఉద్యోగాలు హైదరాబాద్‌లో. వానాకాలంలో బావకి జ్వరం పట్టుకుంది. తగ్గడం, మళ్లీ రావడం. బ్రష్ చేసుకుంటే చిగుళ్ల నుంచి రక్తం. కాళ్ల మీద సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు. ప్లేట్‌లెట్లు పడిపోయాయి అనగానే డెంగ్యూయే అనుకున్నాం. ఆ టెస్ట్ నెగెటివ్ వచ్చింది. సీబీసీలో తెల్లకణాల లెక్క తేడాగా ఉందని రక్తాన్ని మైక్రోస్కోప్ కింద చూశారు. తర్వాత తుంటి ఎముక నుంచి మూలుగ తీసి పరీక్షించారు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు. పొట్టిగా ఏఎల్ఎల్.

మూలుగలో తెల్లకణాలు పూర్తిగా ఎదక్కుండానే విపరీతంగా పెరిగిపోతాయట. మంచి కణాలకి చోటు ఉండదు. అందుకే నీరసం, జ్వరాలు, రక్తం కారడం. పిల్లల్లో ఎక్కువమందికి నయమవుతుంది, పెద్దవాళ్లలో అంత సులువు కాదు, అయినా నయం చేయాలనే మొదలుపెడతాం, మొత్తం రెండు మూడేళ్లు పడుతుంది అని డాక్టర్ గారు దాచకుండా చెప్పారు.

తర్వాత ‘పిల్లలున్నారా?’ అని అడిగారు. లేరు. కీమో వల్ల పిల్లలు పుట్టే అవకాశం తగ్గొచ్చు కాబట్టి ముందే వీర్యం భద్రపరుచుకోమన్నారు. అంతవరకూ మేం ఎప్పుడూ మాట్లాడుకోని విషయాలు ఆ సాయంత్రం ఆస్పత్రి వరండాలో నిలబడి మాట్లాడుకున్నాం. ‘నేను బతుకుతానని నువ్వు నమ్ముతున్నావా?’ అన్నాడు బావ. ‘నమ్మకపోతే ఇది ఎందుకు చేయించుకోమంటాను?’ అన్నాను. ఆ ఫారం మీద మేం పెట్టిన సంతకాలే మేమిద్దరం కలిసి చేసిన మొదటి ప్రార్థన అనిపిస్తుంది నాకు.

అమావాస్య అడ్డొచ్చింది

మా అత్తయ్య భీమవరం మావుళ్లమ్మ భక్తురాలు. కీమో మొదలుపెడతామన్న రోజు అమావాస్య. ‘రెండ్రోజులు ఆగలేరా అమ్మా?’ అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడతో వాదించాలనిపించలేదు. ఊళ్లో మా పురోహితుడి గారికి ఫోన్ కలిపి ఇచ్చాను. ‘ఇల్లు అంటుకుంటే నీళ్లు పోయడానికి ముహూర్తం చూస్తామా తల్లీ? ముందు మందు పడనివ్వండి’ అన్నారాయన. అత్తయ్య మారు మాట్లాడలేదు.

వాట్సాప్‌లో వచ్చిన పసరు మందు సంగతి నేరుగా డాక్టర్ గారినే అడిగాం. కీమో మందులతో కాలేయం మీద అసలే భారం పడుతుంది, ఏం కలిపారో తెలియని పసరు దానికి తోడైతే ప్రమాదం అన్నారు. పంపినవాళ్లకి థ్యాంక్స్ చెప్పి, అక్కడితో వదిలేశాం.

ఇదంతా మడే కదే!

మొదటి దశని ఇండక్షన్ అంటారు. దాదాపు నెల. జబ్బు కణాలతో పాటు మంచి కణాలూ పడిపోతాయి కాబట్టి చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదకి తెస్తుంది. గదిలోకి పువ్వులు తేకూడదు. గుడి తీర్థం వద్దు. బయటి ప్రసాదం వద్దు. సెలైన్ లైన్ వేయాలని చేతికున్న ఎర్ర దారం కూడా తీయించారు. అత్తయ్య ఆ దారాన్ని గుప్పిట్లో పెట్టుకుని ‘ఇంక దేవుడి దగ్గర్నుంచి నా కొడుక్కి ఏం తెచ్చిపెట్టను?’ అని ఏడ్చారు.

నర్సమ్మ మిగతా జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడే వండినవి వేడివేడిగా పెట్టాలి. నిలవవి వద్దు. చేతులు కడుక్కోకుండా ముట్టుకోకూడదు. విడిచిన బట్టలతో దగ్గరికి రాకూడదు. అత్తయ్య కళ్లు తుడుచుకుని ‘ఇదంతా మడే కదే!’ అన్నారు. ఇక చూడాలి. చుట్టాలెవరైనా మాస్క్ కిందికి జార్చి లోపలికొస్తే నర్సుల కంటే ముందు ఆవిడే ఆపేవారు. దేవుడి దగ్గర్నుంచి ఆవిడ తెచ్చింది అదే.

బావకి ఇచ్చిన స్టెరాయిడ్లతో ఆకలి, కోపం రెండూ ఎక్కువయ్యాయి. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్‌లో చిన్న సౌండ్‌తో విష్ణు సహస్రనామం పెట్టేదాన్ని. ఒకరోజు ‘ఆపు! మీ దేవుడు ఏం చేస్తున్నాడిప్పుడు?’ అని అరిచాడు. నా దగ్గర జవాబు లేదు. ఆపేశాను. మర్నాడు నేనేమీ పెట్టలేదు. ఆరున్నరకి ‘ఇవాళ పెట్టలేదేం?’ అన్నాడు. అంతే. దాని గురించి మళ్లీ మాట్లాడుకోలేదు.

మన భీమవరం ఆయన మందు

ఏఎల్ఎల్ కణాలు మెదడు, వెన్నుపాము చుట్టూ దాక్కోకుండా నడుము దగ్గర సూదితో మందు ఎక్కిస్తారు. బావ అన్నిటికంటే దానికే భయపడ్డాడు. ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. దాని గురించి ఫోన్‌లో వెతుకుతుంటే యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు కనబడింది. 1895లో భీమవరంలో పుట్టారు. కుర్రతనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి అవుదామనుకున్నారు. వైద్యం చదివి అమెరికా వెళ్లారు. అక్కడ లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన పరిశోధన నుంచే అమినోప్టెరిన్, ఆ తర్వాత మెథోట్రెక్సేట్ వచ్చాయి. 1948లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్, అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది లుకేమియా పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గిందని ప్రకటించారు. అంతకుముందు ఆ జబ్బుకి మందే లేదు. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు.

ఇదంతా చదివి వినిపిస్తే బావ కంటే ముందు అత్తయ్యే స్పందించారు. ‘మన ఊరాయనా? అయితే ఆ సూది వేయించుకోరా.’ వేయించుకున్నాడు. దేవుణ్ణి వెతుక్కుంటూ మఠానికి వెళ్దామనుకున్న మనిషి చేసిన పని, ఇన్నేళ్ల తర్వాత మా బావ వెన్నులోకి చేరింది. ఇది దేవుడి పనా, మనిషి పనా అని మేం విడదీయలేదు.

ప్లేట్‌లెట్లు కూడా అంతే. సేకరించాక సుమారు ఐదు రోజులకి మించి నిలవ ఉండవు. అంటే ఎప్పటికప్పుడు ఎవరో ఒకరు వచ్చి ఇవ్వాల్సిందే. శుక్రవారం నమాజు చేసుకుని నేరుగా బ్లడ్ బ్యాంక్‌కి వచ్చిన ఒకతను గంటన్నర పడుకుని ఇచ్చి, మేం ఇచ్చిన జ్యూస్ తాగి, నవ్వి వెళ్లిపోయాడు. మీరు ఆరోగ్యంగా ఉంటే ఓసారి వెళ్లి ఇవ్వండి. ఇచ్చినవి కొద్ది రోజుల్లోనే ఒంట్లో మళ్లీ తయారవుతాయి. తగ్గని జ్వరం, చిగుళ్ల రక్తం, ఒంటి మీద ఎర్ర చుక్కలు కనిపిస్తే డాక్టర్‌కి చూపించి సీబీసీ చేయించుకోండి.

ఇండక్షన్ అయ్యాక మళ్లీ మూలుగ తీసి చూశారు. క్యాన్సర్ కణాలు కనబడలేదు. దీన్ని రెమిషన్ అంటారు, పూర్తిగా నయమైనట్టు కాదు, వైద్యం ఆపితే తిరిగి వస్తుంది అన్నారు డాక్టర్ గారు. మిగతా కీమోలు నడుస్తున్నాయి. రిపోర్ట్ చేతికొచ్చే ప్రతిసారీ నాకు కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. నమ్మకం ఉంటే భయం పోతుందని ఎవరైనా చెప్తే నేను ఒప్పుకోను. భయంతోనే టైముకి మాత్ర ఇవ్వగలుగుతున్నాను, అంతే.

కొడుక్కి బాగైతే చిన తిరుపతిలో వాడి తలనీలాలు ఇప్పిస్తానని అత్తయ్య మొక్కుకున్నారు. మూడో వారానికే బావ జుట్టంతా ఊడిపోయింది. అద్దంలో చూసుకుని ‘అమ్మా, స్వామి అడ్వాన్స్ తీసేసుకున్నాడే!’ అన్నాడు. అన్ని రోజుల్లో మొదటిసారి అత్తయ్య నవ్వారు. ‘అది లెక్కలోకి రాదురా. మళ్లీ పెంచి, నువ్వే నడిచొచ్చి ఇవ్వాలి.’