ఫోటోలో గది ఎంత పొడుగు?

ఇల్లు అమ్మకానికి పెట్టిన ప్రకటనలు మీరు చూసే ఉంటారు. ఒకప్పుడు అవి దినపత్రిక మూలన మూడు వరుసల అక్షరాలు. తూర్పు ముఖం, రెండు పడక గదులు, మంచినీటి బావి – అంతే. ఇప్పుడు ఫోను తెర మీద ఒక్కొక్క ఇంటికి పది, ఇరవై ఫోటోలు. కొనదలచినవారు ముందు ఫోటోలు చూస్తారు. అవి నచ్చితేనే బయలుదేరి ఇల్లు చూడటానికి వెళతారు. ఇల్లు గుంటూరులో ఉండి, కొనే మనిషి బెంగుళూరులోనో అమెరికాలోని డాలస్‌లోనో ఉంటే, చాలా రోజులపాటు ఆయన దృష్టిలో ఆ ఫోటోలే ఇల్లు.

ఇందులో ఇద్దరు నష్టపోయే అవకాశం ఉంది. గాలీ వెలుతురూ ఉన్న చక్కని ఇంటిని చీకటి గుయ్యారంలా ఫోటో తీసి పెడితే, దాన్ని చూడటానికి ఎవరూ రారు. అమ్మేవారు ధర తగ్గించుకోవలసి వస్తుంది. పదడుగుల గదిని పెళ్ళి పందిరిలా ఫోటో తీసి పెడితే, కొనేవారు మోసపోతారు. ఇల్లంటే ఒక కుటుంబం ఇరవై ఏళ్ళు కూడబెట్టిన డబ్బు! కనుక ఇంటి ఫోటో మంచిదా కాదా అన్నది అందానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. దీని వెనుక ఉన్నదంతా మీరు బడిలో చదివే జ్యామితి, కాంతి పాఠాలే.

గోడ అవతల నిలబడాలి!

పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న గది అనుకోండి. ఎదురుగా ఉన్న పన్నెండడుగుల గోడ మొత్తం ఫోటోలో పడాలి. ఎంత దూరంలో నిలబడాలి?

పాతకాలపు 35 మి.మీ. ఫిల్ము మీద పడే బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఆ కెమెరాలలో మామూలుగా వాడే కటకం నాభ్యంతరం 50 మి.మీ. గోడ, కటకం, ఫిల్ము – ఈ మూడింటినీ కాగితం మీద గీసి చూడండి. కటకం దగ్గర కొసలు కలిసిన రెండు సరూప త్రిభుజాలు వస్తాయి. గోడ వెడల్పుకూ, గోడ దూరానికీ ఉన్న నిష్పత్తే ఫిల్ము వెడల్పుకూ, నాభ్యంతరానికీ ఉంటుంది. అంటే గోడ దూరం 12 × 50 ÷ 36, దాదాపు పదహారున్నర అడుగులు. గది పొడవే పదడుగులు! ఛాయాగ్రాహకుడు వెనక గోడకు చిల్లి పెట్టి పక్క గదిలో నిలబడాలి.

అందుకే ఇళ్ళను ఫోటో తీసేవారు నాభ్యంతరం తక్కువగా ఉన్న కటకాలు వాడతారు. 24 మి.మీ. కటకంతో 8 అడుగుల దూరం చాలు. ఫోనులోని మామూలు కెమెరా ఇంచుమించు ఈ కోవలోదే. (ఫోనులో కటకమూ చిన్నదే, బొమ్మ పడే పలకా చిన్నదే. పోల్చడానికి వీలుగా దాన్ని పాత ఫిల్ము లెక్కలోకి మార్చి చెబుతారు.) చాలా ఫోన్లలో 0.5 అనే గుర్తు నొక్కితే పనిచేసే రెండో కటకం ఈ లెక్కలో సుమారు 13 మి.మీ. దానికి నాలుగున్నర అడుగుల దూరం కూడా అక్కరలేదు. అదే కటకంతో వెనక గోడకు వీపు ఆనించి తీస్తే, ఎదుటి గోడతోపాటు పక్క గోడలు, పైకప్పు, నేల అన్నీ ఫోటోలోకి వచ్చేస్తాయి. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

మంచం ఎందుకు సాగింది?

దగ్గరి వస్తువు పెద్దగా, దూరపుది చిన్నగా కనిపిస్తుందని మీకు తెలుసు. ఆరడుగుల మంచం ఉంది. దాని దగ్గరి కొస మీకు 3 అడుగుల దూరంలో, అవతలి కొస 9 అడుగుల దూరంలో ఉన్నాయి. అప్పుడు అవతలి కొస, దగ్గరి కొసలో మూడో వంతు వెడల్పే కనిపిస్తుంది. ఇప్పుడు గుమ్మం దాటి మరో 12 అడుగులు వెనక్కి వెళ్ళండి. దూరాలు 15, 21 అడుగులు అవుతాయి. అవతలి కొస ఇప్పుడు దగ్గరి కొసలో దాదాపు ముప్పాతిక వంతు ఉంటుంది. మొదటి ఫోటోలో మంచం రైలు పట్టాలలా దూరాన సన్నబడిపోతుంది. రెండో ఫోటోలో పొట్టిగా, మామూలుగా ఉంటుంది. మంచం మారలేదు, గది మారలేదు. మారినది మనం నిలబడిన చోటు మాత్రమే.

అయితే కటకం అబద్ధమాడిందా? లేదు. ఫోటోను సరైన దూరం నుంచి చూస్తే అందులోని గది అసలు గదిలాగే కనిపిస్తుంది. ఆ సరైన దూరం ఎంతో కనుక్కోవడం తేలిక. నాభ్యంతరాన్ని, బొమ్మను ఎన్ని రెట్లు పెద్దది చేశామో ఆ సంఖ్యతో గుణించాలి. ఫోనును అడ్డంగా పట్టుకుంటే తెర మీద ఫోటో వెడల్పు సుమారు 14 సెంటీమీటర్లు, అంటే ఫిల్ము బొమ్మకు నాలుగు రెట్లు. 13 మి.మీ. కటకంతో తీసిన ఫోటోను 13 × 4 = 52 మి.మీ. దూరం నుంచి, అంటే కంటికి అయిదు సెంటీమీటర్ల దగ్గర పెట్టుకుని చూడాలన్న మాట!

అలా ఎవరు చూడగలరు? మామూలు కంటికి స్పష్ట దృష్టి కనీస దూరం 25 సెంటీమీటర్లని పుస్తకంలో చదివారు గదా! మనం ఫోనును 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. సరైన దూరానికి ఇది దాదాపు ఆరు రెట్లు. జ్యామితి ప్రకారం గది లోతు కూడా అన్ని రెట్లు సాగినట్లు కనిపించాలి. మన మెదడు అంత సులభంగా లొంగదు. తలుపుల్నీ కుర్చీల్నీ చూసి కొంత సర్దుకుంటుంది. అయినా పూర్తిగా సర్దుకోలేదు. ఇల్లు చూడటానికి వెళ్ళినవారు గుమ్మంలో అడుగుపెట్టగానే "ఇంతేనా?" అనడానికి కారణం ఈ లెక్కే.

ఇలాంటి ఫోటోను పట్టించే గుర్తు ఒకటి ఉంది. అంచుల దగ్గర గుండ్రని వస్తువులను వెతకండి. దీపపు గోళమో, ఆడుకునే బంతో ఫోటో అంచున పడితే, బయటి వైపుకు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. 16 మి.మీ. కటకమైతే కుడి, ఎడమ అంచులలో ఈ సాగడం ఒకటిన్నర రెట్లు. మధ్యలో గుండ్రంగానే ఉంటుంది.

సున్నం వేసిన గోడ బూడిదరంగు ఎందుకైంది?

వెలుతురు సంగతి దీనికంటే చిక్కు. పగటిపూట ఎండలో వెలుతురు లక్ష లక్స్‌ల దాకా ఉంటుంది. అదే సమయంలో గదిలో నూరు నుంచి మూడు వందల లక్స్‌లు ఉంటే గొప్ప. కిటికీ బయటికీ లోపలికీ కొన్ని వందల రెట్లు తేడా. అయినా మనం గదిలో కూర్చుని కిటికీలోంచి కొబ్బరిచెట్టునూ చూస్తాం, మూలనున్న బీరువానూ చూస్తాం. చూపు కదిలినప్పుడల్లా కనుపాప ముడుచుకుని, విచ్చుకుని, దానికి తోడు నేత్రపటలం తన చురుకుదనాన్ని మార్చుకుంటూ ఉంటుంది. కెమెరా ఒక్క ఫోటో తీసేటప్పుడు అంతటికీ ఒకే కొలత వెలుతురును తీసుకుంటుంది. బయటి చెట్టు సరిగా రావాలంటే గది చీకటి అవుతుంది; గది సరిగా రావాలంటే కిటికీ తెల్లటి అట్టముక్క అవుతుంది.

పైగా కెమెరాలోని కాంతిమాపకానికి ఒక అలవాటు ఉంది. ఎదురుగా ఉన్నది సగటున ఓ మోస్తరు బూడిదరంగు అనుకుంటుంది. సున్నం వేసిన తెల్లని గోడ ఎదురైతే, "అబ్బో, వెలుతురు ఎక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది. కొత్తగా వెల్ల వేసిన ఇల్లు ఫోటోలో మాసిన పంచెలా కనబడేది అందుకే. ఇటువంటప్పుడు ఫోను తెర మీద గోడ మీద వేలు నొక్కి, వెలుతురు కొంచెం పెంచుకోవాలి. ఇప్పటి ఫోన్లు ఇంకో ఉపాయం చేస్తాయి. ఎక్కువ, తక్కువ వెలుతురులతో చకచకా కొన్ని ఫోటోలు తీసి, ఒక్కొక్క దానిలో బాగున్న భాగాలను కలిపి ఒకే ఫోటో చేస్తాయి.

ఫోను లేని రోజుల్లో ఈ పనిని ఓపికతో చేసేవారు. అమెరికాలో లాస్ ఏంజిలిస్ నగరానికి ఎగువన, కొండ అంచున, పియెర్ కోనిగ్ అనే వాస్తుశిల్పి అద్దాల గోడల ఇల్లు ఒకటి కట్టాడు. కొత్త తరహా ఇళ్ళను జనానికి పరిచయం చేయడానికి ఒక పత్రిక 1945లో మొదలుపెట్టిన పథకంలో ఇది 22వ నెంబరు ఇల్లు. 1960లో జూలియస్ షుల్మన్ దాన్ని రాత్రిపూట ఫోటో తీశాడు. కింద నగర దీపాలన్నీ ఫిల్ము మీద పడటానికి షట్టరును సుమారు ఏడు నిమిషాలు తెరిచి ఉంచాడు. ఆ తర్వాత అదే ఫిల్ము మీద, గదిలో కూర్చున్న ఇద్దరు స్త్రీలను ఫ్లాష్ వెలుగులో ఒక్క క్షణం పట్టాడు. ఇల్లూ నగరమూ రెండూ వెలుగుతున్న ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఇంటిని కళ్ళారా చూసినవారికంటే ఫోటోలో చూసినవారే ఎన్నో రెట్లు ఎక్కువ.

మీకు ఏడు నిమిషాలు అక్కరలేదు. సూర్యాస్తమయం తర్వాత మన ప్రాంతంలో సంధ్యకాంతి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు నిలుస్తుంది. ఆ వ్యవధిలో ఏదో ఒక క్షణాన ఆకాశం వెలుగూ, గదిలో దీపాల వెలుగూ ఫోటోలో చక్కగా సరితూగుతాయి.

వెనక్కి పడిపోతున్న మేడ

మేడ ముందు నిలబడి కెమెరాను పైకెత్తి తీస్తే గోడలు పైకి పోనుపోను దగ్గరై, మేడ వెనక్కి ఒరిగినట్లు ఉంటుంది. కెమెరాను వంచినప్పుడు ఫిల్ము గోడకు సమాంతరంగా ఉండదు. మేడ పైభాగం దూరమై చిన్నదవుతుంది. కెమెరా నిటారుగా ఉంటే నిలువు గీతలు నిలువుగానే వస్తాయి. గది లోపలైతే నేలకూ కప్పుకూ నడిమధ్యన, నాలుగున్నర, అయిదడుగుల ఎత్తున కెమెరా పట్టుకుంటే సరిపోతుంది. ఎత్తయిన మేడకు మాత్రం ఈ చిట్కా చాలదు. ఫోటోలో సగం రోడ్డే వస్తుంది. పాత తిత్తుల కెమెరాలలో కటకాన్ని మాత్రమే పైకి జరిపే ఏర్పాటు ఇందుకే ఉండేది. 1960ల మొదట్లో చిన్న కెమెరాలకూ అలాంటి జరుగుడు కటకాలు వచ్చాయి.

ఉత్తరపు ముఖం ఇంటికి ఎండ ఎప్పుడు?

తూర్పు ముఖం ఇంటిని పొద్దున, పడమటి ముఖం ఇంటిని సాయంత్రం ఫోటో తీయాలని ఎవరైనా చెబుతారు. ఉత్తరపు ముఖం ఇల్లయితే? సెప్టెంబరు చివరి వారం నుంచి మార్చి మూడో వారం దాకా సూర్యుడు ఆగ్నేయాన ఉదయించి, దక్షిణంగా సాగి, నైరుతిన అస్తమిస్తాడు. ఆ ఆరు నెలలూ ఉత్తరపు గోడ మీద నేరుగా ఎండ పడనే పడదు. మిగతా ఆరు నెలల్లో తెల్లవారగానే, పొద్దు గుంకే ముందూ ఏటవాలుగా పడుతుంది. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 ప్రాంతాలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్న సూర్యుడు కూడా కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు, కాని గోడను గీసుకుంటూ పోతాడు తప్ప వెలిగించడు. డిసెంబరులో ఉత్తరపు ముఖం ఇంటి ఫోటో నిండా ఎండ కనిపిస్తే ఆ ఫోటో పాతదో, ముఖం ఉత్తరం కాదో ఆలోచించాలి!

వెలుతురు సరిచేయడం, గోడలు నిలబెట్టడం ఇల్లు ఉన్నదున్నట్లు చూపడానికే. గోడ మీది నెర్రెను చెరిపేయడం, పక్కనున్న కరెంటు స్తంభాన్ని మాయం చేయడం, ఖాళీ గదిలో కొలతలు కుదించిన సోఫా బొమ్మను అతికించడం వేరు. ఇవన్నీ కంప్యూటరుకు ఇప్పుడు నిమిషాల పని. మన దేశంలో 2016లో చేసిన రెరా చట్టంలోని 12వ సెక్షను ప్రకారం, ప్రకటనలోని తప్పుడు వివరాలను నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి నిర్మాణదారు పరిహారం ఇవ్వాలి. కొనుగోలుదారు వద్దనుకుంటే కట్టిన సొమ్ము వడ్డీతో సహా వాపసు చేయాలి. ఇది కొత్తగా కట్టి అమ్మేవారి కోసం. పాత ఇల్లు అమ్మే గృహస్థు ప్రకటనను మనమే పరీక్షించుకోవాలి.

ఆ పరీక్షకు ఫోటోలోనే కొలబద్ద ఉంటుంది. నేల మీది పలకలను లెక్కపెట్టండి. ఇప్పుడు ఎక్కువగా వేసేవి రెండడుగుల చదరపు పలకలు. అనుమానముంటే తలుపుతో పోల్చండి. తలుపు వెడల్పు సుమారు మూడడుగులు, కనుక దాని ముందు పలక ఒకటిన్నర పట్టాలి. కటకం గదిని ఎంత సాగదీసినా పలకల లెక్క మారదు. దూరపు పలకలు సన్నబడతాయి, అంతే. అడ్డంగా ఆరు, నిలువుగా అయిదు లెక్కకు వచ్చాయా? గది పన్నెండడుగులు, పదడుగులు. దాని కింద "విశాలమైన హాలు" అని రాసి ఉన్నా సరే.