కోటి రూపాయల మొగుడు

‘శుభలగ్నం’ 1994లో వచ్చిన కుటుంబ చిత్రం. దర్శకత్వం, సంగీతం రెండూ ఎస్.వి. కృష్ణారెడ్డివే. జగపతిబాబు, ఆమని భార్యాభర్తలు. ఆ భర్తపై మనసుపడ్డ డబ్బున్న అమ్మాయి రోజా. దాంపత్యంలో మోసం అనగానే మొగుడి చాటుమాటు వ్యవహారాలే గుర్తొస్తాయి. ఇక్కడ మొగుడు దారి తప్పడు. పెళ్లామే అతన్ని కోటి రూపాయలకు అమ్మేస్తుంది.

ఆ బేరమే సినిమాకు ప్రాణం. మొగుడిది నెల జీతం బతుకు. పెళ్లానికి బంగళా, కారు, నగల మీద మోజు. కోటి ఇస్తాను, మీ ఆయన్ని నాకిచ్చేయమని ఆ అమ్మాయి నేరుగా అడుగుతుంది. చాటు లేదు, చీకటి లేదు. భర్త మొదట ససేమిరా అంటాడు. చివరికి భార్య పోరు పడలేక తలవంచుతాడు. డబ్బు చేతికొచ్చాక పోయిందేమిటో ఆమెకు తెలుస్తుంది. కథ ఆమెను కుమిలిపోయేలా ఏడిపిస్తుంది. కొన్న మనిషిని మాత్రం గౌరవంగా సాగనంపుతుంది. తలవంచిన మగవాడినైతే ఒక్క ప్రశ్నా అడగదు. సినిమా ఎంత ఆడినా, ఈ తూకం సరైనది కాదు.

హైదరాబాద్ శివారులోని చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి చూస్తే ఆ కోటి లెక్కే మారిపోతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో ఇచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేసింది. అయినా ఫామ్‌హౌస్‌లు లేచాయి, భూమి ధర కోట్లకు చేరింది. 1994లో ఒక సంసారం ఖరీదు చేసిన సొమ్ముకు ఇప్పుడు మొయినాబాద్ రోడ్డు పక్కన ఎకరం కూడా రాదు. పైగా ఇక్కడ ఉమ్మడి ఆస్తి కొనేవాళ్లు బయానా ఇచ్చే ముందే కొడుకులు, బిడ్డలు అందరి సంతకాలు కావాలంటారు. సినిమా బేరంలో ఎక్కువ నష్టపోయే ఆ దంపతుల పిల్లల్ని అడిగే నాథుడే లేడు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో: 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకులు కాకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు 1976లో వచ్చింది. దానికీ ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక మామూలుగా మరో ఆరు నెలలు ఆగాలి. వెండితెరకు అంత ఓపిక ఉండదు.

బాక్స్: ధర రెట్టింపు

హిందీలో ఇదే కథ ‘జుదాయి’గా 1997లో వచ్చింది. అనిల్ కపూర్, శ్రీదేవి, ఊర్మిళ నటులు. అక్కడ మొగుడి ఖరీదు రెండు కోట్లు. దానికి ముందే, 1996లో, కృష్ణారెడ్డి జగపతిబాబు, ఆమనిలతోనే ‘మావిచిగురు’ తీశారు. ప్రాణాంతక జబ్బును దాచి భర్తకు మరో పెళ్లి చేయాలని చూసే ఇల్లాలి కథ అది. ఇందులో అబద్ధమాడేది భార్యే, కానీ కథ ఆమె పక్షాన నిలబడుతుంది.