నానబెడితే సగం వంట అయినట్టే

గుప్పెడు శనగలో బొబ్బర్లో ఉలవలో రాత్రి నీళ్లలో పోస్తే చాలు, పొద్దున్న అన్నంలోకి కమ్మటి పక్క వంటకం తయారవుతుంది. పండగకీ నైవేద్యానికీ పరిమితమైపోయిన గుగ్గిళ్లను రోజూ కంచంలోకి తెచ్చుకోవాలంటే తెలియాల్సింది నాలుగు సంగతులే.

శ్రావణమాసం వచ్చిందంటే తెలుగిళ్లలో శనగలకు కొదవుండదు. మంగళగౌరి నోమనీ వరలక్ష్మీ వ్రతమనీ ఏ పేరంటానికి వెళ్లినా తాంబూలంతో పాటు నానబెట్టిన శనగలు వాయనమిస్తారు. నాలుగిళ్లు తిరిగొచ్చేసరికి సంచి బరువెక్కుతుంది. ఇక ఆ వారమంతా ఓ పూట సాతాళింపు, ఓ పూట వంకాయతో కలిపి కూర, మిగిలినవి రుబ్బి వడలు. ఏం వండాలన్న బెంగ ఉండదు. పిల్లలు కూడా మారడిగి తింటారు.

తీరా మాసం గడిచాక శనగల డబ్బా అరలో వెనక్కి వెళ్లిపోతుంది. మళ్లీ దసరా బొమ్మల కొలువుకో, ఇంట్లో పూజకో గానీ ఎవరికీ గుర్తు రాదు. నెల్లాళ్లు అంత సులువుగా సాగిన వంట మిగతా పదకొండు నెలలూ ఎందుకు సాగదు? జవాబు ఆ వాయనంలోనే ఉంది. శ్రావణంలో మన చేతికొచ్చేవి అప్పటికే నానిన శనగలు. ముందురాత్రి చేయాల్సిన పని ఇంకెవరో చేసి పెట్టారు. ఆ ఒక్క పనీ అలవాటైతే ఏడాది పొడుగునా శ్రావణమే.

గుగ్గిళ్లు ఎందుకు వండరని ఎవర్ని అడిగినా వినపడేవి మూడే మాటలు. నానబెట్టడం మర్చిపోతాం. ఎంతసేపు పెట్టినా ఉడకవు. తింటే కడుపుబ్బరం. ఈ మూడింటికీ మందు వంటింట్లోనే ఉంది.

గోటితో చీల్చి చూడండి

బొబ్బరి గింజకు ఓ పక్కన నల్లటి మచ్చ ఉంటుంది. గింజ కాయకు అతుక్కుని ఉన్న చోటు అదే. నీరు ముఖ్యంగా అక్కడి నుంచే లోపలికి దూరుతుంది. అందుకే నానబెట్టిన కాసేపటికి తొక్క ముందుగా ముడతలు పడుతుంది. ఆ తర్వాత లోపలి పప్పు నెమ్మదిగా ఉబ్బి ముడతలన్నీ సాగిపోతాయి. చిక్కుడు గింజల్లో, రాజ్మాలో కూడా ఇదే తంతు. తొక్క ముడతగా ఉన్నప్పుడే కుక్కర్లో పెట్టేస్తే పైన మెత్తగా, లోపల గట్టిగా ఉడుకుతాయి.

నానాయో లేదో తెలుసుకోవడానికి గడియారం చూడనక్కర్లేదు. ఓ గింజను గోటితో రెండు బద్దలు చేయండి. నడుమ తెల్లగా పొడిగా కనిపిస్తే ఇంకా నానాలి. బద్ద అంతా ఒకే రంగులో ఉంటే పొయ్యి వెలిగించొచ్చు. గింజలు రెండింతలకు పైగా ఉబ్బుతాయి కాబట్టి గిన్నె పెద్దదై ఉండాలి. గింజల మీద కనీసం మూడు వేళ్ల ఎత్తున నీళ్లుండాలి. ఎండాకాలంలో రాత్రంతా బయట ఉంచితే పులిసి వాసనొస్తాయి. ఫ్రిజ్‌లో పెట్టడం మేలు, లేదంటే మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి.

రాత్రి మర్చిపోతే పొద్దున్నే దిద్దుకోవచ్చు. నీళ్లు బాగా తెర్లుతుండగా గింజలు వేసి, రెండు నిమిషాలు మరగనిచ్చి, దించి మూతపెట్టి గంటసేపు వదిలేయండి. తర్వాత ఆ నీళ్లు వంచేసి మామూలుగా ఉడికించుకోవడమే. బొబ్బర్లూ పెసలూ అయితే నానకపోయినా నాలుగు విజిల్స్ ఎక్కువ పెడితే మెత్తబడతాయి.

ఈ నీళ్లకు పప్పు ఉడకదు

కొత్త ఊరికి కాపురం మారిన ఇల్లాలు వారం తిరక్కుండా అనే మాటిది. అది వట్టి చాదస్తం కాదు. గింజలోని కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. బోరు నీళ్లలో ఎక్కువగా ఉండే కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌ను మరింత బిగిస్తాయి. అలాంటి ఊళ్లలో నానబెట్టడానికీ ఉడికించడానికీ ఫిల్టరు నీళ్లు వాడితే తేడా ఆ రోజే తెలుస్తుంది.

ఉప్పు ముందే వేస్తే గింజలు ఉడకవన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. నిజానికి ఉప్పులోని సోడియం కాల్షియం పట్టును సడలిస్తుంది. లీటరు నీళ్లకు రెండు టీస్పూన్ల ఉప్పు కలిపి గింజలు నానబెట్టి చూడండి. తొక్కలు పగలకుండా మెత్తగా ఉడకడమే కాదు, రుచి లోపలిదాకా పడుతుంది. వండేటప్పుడు మాత్రం ఆ నీళ్లు పారబోసి, గింజలు కడిగి మంచినీళ్లు పోయాలి.

అడ్డుపడేది పులుపు. చింతపండు, టమాటా, పచ్చిమామిడి, నిమ్మరసం ఏవైనా సరే గింజ పూర్తిగా ఉడికాకే పడాలి. ముందే వేస్తే గంట పెట్టినా పలుకు పోదు. వంటసోడా వేస్తే త్వరగా ఉడుకుతాయి గానీ బి1 విటమిన్ నశిస్తుంది, కాస్త ఎక్కువైతే గింజలు పిండై సబ్బు రుచి వస్తాయి. మరీ మొండి గింజలకైతే చిటికెడు చాలు.

గింజ వయసు కూడా చూడాలి. వేడిలో, తేమలో నెలల తరబడి నిల్వ ఉన్నవి ఎంత నానినా మొండికేస్తాయి. మనకు శనగలు ఎక్కడినుంచో రానక్కర్లేదు. ప్రకాశం, కర్నూలు, నంద్యాల నల్లరేగడి చేలల్లో వానలు వెనకబట్టాక నేలలో మిగిలిన తేమతోనే పండే రబీ పంట ఇది. యంత్రంతో కోసేందుకు వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 రకం నంద్యాల పరిశోధన స్థానం నుంచే వచ్చింది. పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ పనిచేసే ముఖ్య పంటల్లో కూడా శనగ ఒకటి. ఇంత దగ్గర్లో పండే గింజను కొత్త పంట బజారుకొచ్చే చలికాలం చివర్లో కొనుక్కుంటే వంట సగం తేలికవుతుంది. అలా కాకపోతే అరకిలో చొప్పున తెచ్చుకుని, అయిపోయాకే మళ్లీ కొనాలి.

రాజ్మాతో జాగ్రత్త

ఉలవలు, పెసలు, మినుములు ఈ దేశంలో పుట్టిన గింజలు. శనగ పశ్చిమాసియా నుంచి వేల ఏళ్ల కిందటే వచ్చింది. బొబ్బర్ల పుట్టిల్లు ఆఫ్రికా. అమెరికా ఖండాల గింజైన రాజ్మా మాత్రం కొలంబస్ ప్రయాణాల తర్వాతే మిగతా ప్రపంచానికి తెలిసింది. దాన్ని వండేటప్పుడు ఒక నియమం తప్పకూడదు.

పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఎక్కువ. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతూ ఉడికిస్తే విషం విరుగుతుంది. ప్రెషర్ కుక్కర్లో వేడి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి బెంగలేదు. విదేశాల్లో ఉన్నవాళ్లు స్లో కుక్కర్లో పచ్చి రాజ్మా నేరుగా వేయకూడదు. ఆ సన్నటి వేడికి విషం పోదు సరికదా, పెరిగే ప్రమాదముంది. ముందు పొయ్యి మీద అరగంట మరిగించాకే అందులో వేయాలి.

ఏది ఎంతసేపు?

కుక్కర్‌ను బట్టి, గింజ వయసును బట్టి ఒకటి రెండు విజిల్స్ అటూ ఇటూ అవుతాయి.

- పెసలు: నానడం 4 గంటలు, 2 విజిల్స్
- బొబ్బర్లు: 4 గంటలు, 2 లేదా 3 విజిల్స్
- ఎండు బఠానీలు: 8 గంటలు, 3 లేదా 4 విజిల్స్
- ఎండు అనపగింజలు: 8 గంటలు, 4 విజిల్స్
- నల్ల శనగలు, కాబూలీ శనగలు: 8 నుంచి 10 గంటలు, 5 లేదా 6 విజిల్స్
- రాజ్మా: 10 గంటలు, 6 విజిల్స్, ఆపైన సన్నమంట మీద 10 నిమిషాలు
- ఉలవలు: 12 గంటలు, 7 లేదా 8 విజిల్స్

కుక్కర్ సగానికి మించి నింపొద్దు. చెంచాడు నూనె వేస్తే నురగ పొంగి విజిల్‌కు అడ్డుపడదు. ఆవిరి దానంతటదే దిగాక మూత తీసి, ఓ గింజను వేళ్ల మధ్య నొక్కండి. తొక్క నిలిచి లోపల వెన్నలా నలిగితే సరిగ్గా ఉడికినట్టు.

ఊరికో తాలింపు

కోస్తాలో గుగ్గిళ్లు, తెలంగాణలో గుడాలు. పొరుగున తమిళనాడులో సుండల్, మెరీనా తీరంలో సాయంత్రమైతే కొబ్బరీ పచ్చిమామిడీ కలిపిన బఠానీ సుండల్ పొట్లాలు చేతులు మారుతుంటాయి. గింజ ఏదైనా, వండిన నీళ్లు వంచి తాలింపులో వేయడమే వంటంతా.

నల్ల శనగలకు నప్పేది కొబ్బరి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి వేసి, మినప్పప్పు ఎర్రబడ్డాక ఇంగువ, కరివేపాకు, దంచిన అల్లం పచ్చిమిర్చి వేయాలి. ఉడికిన శనగలు పోసి తడి ఆరేదాకా పెద్దమంట మీద తిప్పాలి. తడి ఉంటే తాలింపు గింజను పట్టుకోదు. చివర్లో కొబ్బరి తురుము చల్లి, దించాక నిమ్మరసం పిండాలి. గ్లాసు శనగలు నానబెడితే నలుగురికి సరిపోతుంది.

బొబ్బర్లకు వెల్లుల్లి కారం బాగుంటుంది. రాయలసీమ వాళ్లు అలసందలనీ, తెలంగాణ వాళ్లు బబ్బెర్లనీ పిలిచే ఈ గింజ తియ్యదనానికి ఘాటు తోడవ్వాలి. ఉల్లిపాయ, పసుపు, కొత్తిమీర వేసి గుడాల్లా చేసినా, వెల్లుల్లీ ఎండుకారం జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి వేపినా పప్పుచారు పక్కన ఇంకేం అక్కర్లేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇండియన్ స్టోర్‌దాకా వెళ్లే పనే లేదు. ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా కనిపించే బ్లాక్ ఐడ్ పీస్ మన బొబ్బర్లే. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో కొత్త సంవత్సరం రోజున వాటిని బియ్యంతో కలిపి వండుకు తింటే కలిసొస్తుందని నమ్ముతారు.

ఉలవలది రెండు వంటల లాభం. ఒకప్పుడు ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టి పెట్టి, ఆ నీళ్లను చారు కాచుకునేవారు. ఇప్పటికీ అదే పద్ధతి. ఎక్కువ నీళ్లలో ఉడికించి వంచిన నీటిని చింతపండు రసంతో చిక్కగా కాచి పైన మీగడ వేస్తే ఉలవచారు. మిగిలిన గింజలకు ధనియాల కారం పట్టిస్తే గుగ్గిళ్లు. ఇక అనపగింజలు చలికాలంలో పచ్చివి దొరికితే, చిత్తూరు వైపు వాటిని నానబెట్టి తొక్క పితికి పులుసు పెడతారు. ఎండువి దొరికే రోజుల్లో వంకాయ ముక్కలతో కలిపి వేపుకోవచ్చు.

కడుపు అలవాటు పడాలి

గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని అరిగించే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. అవి పెద్దపేగు దాకా వెళితే అక్కడి బ్యాక్టీరియా తిని గాలి పుట్టిస్తుంది. నానిన నీళ్లు పారబోస్తే ఆ చక్కెరలు కొంత పోతాయి, మొలకెత్తిస్తే ఇంకొంత తగ్గుతాయి. ఎప్పుడో నెలకోసారి గిన్నెడు తిన్నవాళ్లకే ఇబ్బంది ఎక్కువ. రోజూ నాలుగు చెంచాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే కొన్ని వారాల్లో చాలామందికి ఒంటికి పడుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టర్‌ను అడగాలి.

ఇంత శ్రద్ధ పెట్టేంత విలువ ఈ గింజల్లో ఉంది. ఎండు గింజల బరువులో ఇంచుమించు ఐదోవంతు నుంచి నాలుగోవంతు దాకా ప్రొటీనే. అన్నంలో తక్కువగా ఉండే లైసిన్ వీటిలో పుష్కలం, వీటిలో తక్కువైన మెథియొనిన్‌ను అన్నం భర్తీ చేస్తుంది. పైన పిండే నిమ్మరసంలోని సి విటమిన్ వల్ల గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజువారీ ఆహారానికి 85 గ్రాముల పప్పుదినుసులు సూచించింది. పల్చటి పప్పుచారుతోనే అంత రావడం కష్టం. పక్కన గుప్పెడు గుగ్గిళ్లుంటే లెక్క సరిపోతుంది.

మొదటి వంటగా నేర్పుదాం

ఆదివారం ఒకేసారి రెండు రకాల గింజలు ఉడికించి, చల్లారాక నీళ్లు వంచి డబ్బాల్లో సర్దితే ఫ్రిజ్‌లో మూడు రోజులుంటాయి. ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలకూ ఢోకా లేదు. తాలింపు ఏ పూటకాపూట కొత్తది పెట్టుకుంటే రోజూ కొత్త వంటకమే. టమాటా, బీన్స్ ధరలు కొండెక్కిన వారాల్లో వంటింటి ఖర్చుకు ఆసరా కూడా ఇదే.

కూరగాయలు తరగడం రాదు, మసాలాలు నూరడం తెలియదు, గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడే తీరిక లేదు అనేవాళ్లందరికీ ఇది అందుతుంది. అందుకే హాస్టల్‌కు వెళ్లే కూతురికీ, ఉద్యోగానికని గది తీసుకున్న కొడుక్కీ మొదట నేర్పాల్సిన వంట గుగ్గిళ్లేనని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఓ చిన్న కుక్కర్, అరకిలో శనగలు, రాత్రి పడుకునే ముందు నీళ్లు పోయడం గుర్తుపెట్టుకునే అలవాటు ఇచ్చి పంపితే, ఏ ఊళ్లో ఉన్నా మన పిల్లలు బయట తిండికి బానిసలు కాకుండా కడుపునిండా, ఒంటికి పట్టేలా తినగలుగుతారు.